దీపం వేస్తే అయిదు డిగ్రీలు

గాజువాకలో ఆటోల వైరింగు విప్పిన చెయ్యి ఇది.
పడవ కడుపులోకి దూరడం ఇదే మొదటిసారి.
"పాతదే గానీ మొండిది" అంటూ
పట్నాయకుని సుభాషిణి డాక్టరమ్మ
చెక్కమూత ఎత్తి పట్టుకున్నారు.
లోపల చీకటి, ఉప్పు, డీజిలు,
ఎవరో ఎప్పుడో ఒలకబోసిన నిమ్మకాయ ఊరగాయ.

ఫిషింగ్ హార్బరు జెట్టీ చివర
రెండు మరబోట్ల నడుమ ఇరుక్కుని ‘గోరువంక’.
ముప్పై అడుగులు, నలభై ఏళ్ళు,
ఒంటి తెరచాప కొయ్య,
దాని నెత్తిన ఎప్పుడూ ఒక కాకి.

తీగ తొడుగు ఒలిస్తే
రాగి లేదు. పచ్చటి పొడి.
సముద్రం లోపలికి అలలా రాదు,
తీగ వెంబడి చెమటలా పాకుతుంది,
ఏడాదికి జానెడు, తొందరేం లేకుండా.

ఎంతమంది చేతులు పడ్డాయో:
ఒకరు నల్లటేపు చుట్టారు, ఒకరు కొవ్వొత్తి కరిగించి పోశారు,
ఒకాయన ఫ్యూజు బదులు
సిగరెట్టు పెట్టె రేకు మడిచి పెట్టాడు.
ఆ మహానుభావుడికి దణ్ణం పెట్టి పీకేశాను.

పక్క బోటు మీద వల బాగుచేసుకుంటూ
అర్జిల్లి ఎల్లాజీ తాత అడిగాడు:
"అదేటమ్మా, ఆ తెర?"
లోతు చెప్పే పెట్టె, తాతా.
"లోతు సరే. అడుగున ఇసకో బురదో సెప్పుద్దా?
మా అయ్య సీసం గుండుకి సబ్బు రాసి దింపీవోడు,
పైకి తీసి నాలిక్కి రాసుకుని
ఊరి పేరు సెప్పీవోడు."
కొత్త పెట్టె అట్టలో చూశాను.
నాలిక సంగతి రాయలేదు.

నాలుగో రోజు
స్విచ్చుల పలక వెనక, పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలు:
*దీపం వేస్తే ముల్లు అయిదు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. తీసేసుకో.*

దిక్సూచి దగ్గర చిన్న బల్బు. వేశాను.
ముల్లు ఎవరో పిలిచినట్టు పక్కకి తిరిగింది.
ఆర్పాను. వచ్చేసింది.
వేశాను, ఆర్పాను, వేశాను.
బల్బుకి వెళ్ళే తీగ గిన్నె కిందనించి ఒక్కటే పోయింది,
తిరిగొచ్చే తీగ అటు ఎక్కడో చుట్టు తిరిగింది.

ఎవరో గాని తెలిసే బతికాడు దానితో.
బాగుచెయ్యడం రాక కాకపోవచ్చు.
మా ఇంట్లో గడియారం పది నిమిషాలు ముందుంటుంది,
పదకొండేళ్ళుగా మేం నలుగురం
పది తీసేసుకునే బడికీ పనికీ వెళ్తున్నాం.
ఒక్కరం కుర్చీ ఎక్కలేదు.

పోయే తీగనీ వచ్చే తీగనీ కలిపి
రెండు పాయల జడ అల్లాను.
ఇలా మెలేస్తే ఒకదాని గోల ఒకటి మింగేస్తుంది తాతా,
ముల్లుకి ఏమీ వినపడదు.
"మా ఇంటిదీ నేనూ అంతే" అన్నాడు.
"యాభై ఏళ్ళయ్యింది,
బయటోడికి మా గొడవ ఒక్కటీ ఇనపడ్లేదు."

శనివారం రాత్రి చానెల్ దాటాం.
వెనక రాస్ కొండ మీద చర్చి, పక్కన దర్గా కొండ,
వెంకన్న కొండ దీపాలు ఒకటొకటిగా వెనక్కి,
డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌసు
లెక్క తప్పకుండా కన్ను కొడుతూ.
డాక్టరమ్మ చుక్కాని పట్టుకుని బల్బు వేశారు.
ముల్లు కదల్లేదు.

చాలాసేపు ఏం మాట్లాడలేదు ఆవిడ. తర్వాత,
"రాత్రిళ్ళు భీమిలి వెళ్ళినప్పుడల్లా
ఒడ్డువైపు జరిగిపోయేదాన్ని.
రెండేళ్ళు నీటి వాలుని తిట్టుకున్నాను."
నేను నీళ్ళవైపు చూశాను.
పాపం, వాటి మానాన అవి.

తిరిగొచ్చాక పలక బిగించే ముందు
జేబులో రబ్బరు ఉంది. తీశాను.
ఆ గుండ్రటి అక్షరాలు
ఎన్ని రాత్రులు ఎంతమందిని
రాళ్ళకి ఎడంగా తీసుకొచ్చాయో.
తుడవలేదు.
కింద నా పెన్సిలుతో రాశాను:
*ఇంక తీసెయ్యక్కర్లేదు.*
తారీఖు వేశాను.
నాలుగు స్క్రూలూ బిగించాను.

ఇంటికెళ్ళి, చెప్పులు విప్పకుండానే,
కుర్చీ లాక్కున్నాను గడియారం కిందికి.